డూమ్స్‌డే డిస్కు: బడిపిల్లలు రాసిన ఊళ్ల చరిత్ర

ఇంగ్లండును జయించి సింహాసనమెక్కిన నార్మన్ రాజు మొదటి విలియం 1085 క్రిస్మస్ రోజుల్లో గ్లాస్టర్ నగరంలో కొలువుదీరి, తన రాజ్యంలోని ప్రతి ఊరిలో భూమి ఎంత ఉంది, దాన్ని అనుభవిస్తున్నది ఎవరు, ఎన్ని నాగళ్లు కడుతున్నారు, ఎన్ని పిండిమరలు ఆడుతున్నాయి, ఖజానాకు రావలసింది ఎంత అన్న వివరాలన్నీ రాబట్టమని ఆజ్ఞాపించాడు. మరుసటి ఏడాది లాటిన్ భాషలో, చర్మపత్రాల మీద రూపుదిద్దుకున్న ఆ దస్తావేజు డూమ్స్‌డే బుక్‌గా ప్రసిద్ధికెక్కింది. 13,000కు పైగా ఊళ్ల వివరాలున్న ఆ గ్రంథాన్ని చరిత్రకారులు నేటికీ ప్రథమశ్రేణి ఆధారంగా వాడుకుంటున్నారు. ఊరి పెద్ద, చర్చి పూజారి, కొందరు రైతులు ప్రమాణం చేసి చెప్పిన మాటలను రాజోద్యోగులు విని గుమాస్తాల చేత రాయించిన ఆ తీరు, కరణాల కవిలెల నుంచీ పెద్దల నోటి నుంచీ సేకరించి కర్నల్ మెకంజీ కోసం రాసిన గ్రామ కైఫీయతుల సంగతి తెలిసిన తెలుగు పాఠకులకు కొత్తగా తోచదు. ఆ గ్రంథానికి 900 ఏళ్లు నిండుతున్న సందర్భంలో బ్రిటిష్ ప్రసార సంస్థ బీబీసీ అలాంటి సర్వేను మళ్లీ తలపెట్టి, అడిగే పనినీ రాసే పనినీ ఈసారి బడిపిల్లల చేతికిచ్చింది. వచనం, ఛాయాచిత్రం, పటం, కదిలే బొమ్మ, గణాంకం ఒకే తెర మీద కనిపించే పద్ధతిని బహుళమాధ్యమం అంటారు. పిల్లలు కలిసికట్టుగా చేసిన బహుళమాధ్యమ పనుల్లో తొలి భారీ ప్రయత్నాలను లెక్కించేటప్పుడు 1986 నవంబరులో వెలువడిన డూమ్స్‌డే డిస్కులను విడిచిపెట్టడానికి వీల్లేదు.

పిల్లల చేత దేశాన్ని సర్వే చేయించాలన్న ఆలోచన బీబీసీకి ఉన్నట్టుండి తట్టినది కాదు. రంగూన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసి లండన్ తిరిగివచ్చిన భూగోళశాస్త్రవేత్త డడ్లీ స్టాంప్ 1930లలో బ్రిటన్ భూవినియోగ సర్వేను నడిపినప్పుడు, అందులో క్షేత్రస్థాయి పనిలో చాలా భాగం పాఠశాలల, కళాశాలల విద్యార్థులే చేశారు. ఒక మైలు నేలను ఆరు అంగుళాల్లో చూపించే ప్రభుత్వ పటాలను పట్టుకుని పిల్లలు గట్ల వెంట నడుస్తూ, ఎదురైన ప్రతి చెక్కనూ చూసి, దున్నే నేలకు ఒక అక్షరం, పచ్చిక బయలుకు ఒక అక్షరం, అడవికి, తోటకు, బీడుకు వేరువేరు అక్షరాలు పటం మీద వేసుకుంటూ పోయారు. ఆ అక్షరాల ఆధారంగా అచ్చయిన రంగు పటాలు, రెండో ప్రపంచ యుద్ధంలో విదేశాల నుంచి తిండిగింజలు రావడం కష్టమైనప్పుడు, ఏ పచ్చికను దున్ని సాగులోకి తేవాలో నిర్ణయించడానికి పనికివచ్చాయి. బడిపిల్లల పని దేశానికి అక్కరకొచ్చిన ఉదాహరణల్లో ఇంతకంటే గట్టిది దొరకడం కష్టం. అయినా ఆ సర్వేలో పిల్లలకు దక్కింది చెక్కకు ఒక అక్షరం మాత్రమే; ఆ చెక్క గురించి, అక్కడి మనుషుల గురించి తమకు తోచింది చెప్పే చోటు వారికి లేదు. అర్ధ శతాబ్దం తరువాత డూమ్స్‌డే ప్రణాళిక కల్పించింది సరిగ్గా ఆ చోటునే.

ఆ రెండు సర్వేల నడిమి కాలంలో బడులలో రెండు మార్పులు వచ్చాయి. మొదటిది, ప్రాథమిక విద్యకూ ఉన్నత పాఠశాల విద్యకూ నడుమ, ఎనిమిది తొమ్మిదేళ్ల నుంచి పన్నెండు పదమూడేళ్ల వరకు ఉండే పిల్లలకు మిడిల్ స్కూళ్లు ఏర్పడటం. 1964 విద్యాచట్టం వీలు కల్పించగా 1968లో మొదలైన ఈ బడులు, 1980ల తొలినాళ్లకు చాలా కౌంటీల్లో, అంటే జిల్లాల్లో, కనిపించసాగాయి. వాటిలో ఒకే అంశాన్ని చరిత్ర, భూగోళం, భాష, గణితం కలిపి కొన్ని వారాలపాటు నేర్పే ప్రాజెక్టు పద్ధతి అలవాటుగా ఉండేది. రెండోది, కంప్యూటర్ రాక. ప్రజలకు కంప్యూటర్ పరిజ్ఞానం నేర్పడానికి 1982లో బీబీసీ టెలివిజన్ కార్యక్రమాలు మొదలుపెట్టి, వాటికి తోడుగా కేంబ్రిడ్జికి చెందిన ఏకార్న్ కంపెనీ చేత బీబీసీ మైక్రో అనే కంప్యూటర్‌ను తయారుచేయించింది. పాఠశాల కొనుక్కునే కంప్యూటర్ ధరలో సగం ప్రభుత్వం భరించడంతో ఆ యంత్రం బ్రిటన్‌లోని బడుల్లో అత్యధికంగా చేరింది. బడికి ఒకటో రెండో ఉండే ఆ కంప్యూటర్ల ముందు పిల్లలు జట్లుగా కూర్చోవడం, ఒకరు చెబుతుంటే ఒకరు మీటలు నొక్కడం, ఇంకొకరు తప్పులు చూడటం సహజంగానే అలవాటైంది. కలిసి పనిచేయడమన్నది అక్కడ ఏ సిద్ధాంతం వల్లనో కాక యంత్రాల కొరత వల్ల పుట్టిందని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

బీబీసీ నిర్మాత పీటర్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆలోచనతో 1984లో పని మొదలైంది. ఏకార్న్ కంప్యూటర్‌నూ, హాలండుకు చెందిన ఫిలిప్స్ కంపెనీ డిస్కు యంత్రాన్నీ, లాజికా అనే సంస్థ ప్రోగ్రామునూ సమకూర్చగా, మొత్తం మీద సుమారు 25 లక్షల పౌండ్లు ఖర్చయింది. దేశమంతటినీ 4 కిలోమీటర్ల పొడవు, 3 కిలోమీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రాలుగా విభజించి, వాటిని బ్లాకులని పిలిచి, ఒక్కొక్క బ్లాకును ఆ ప్రాంతంలోని పాఠశాలకు అప్పగించారు. ఆనాటి టెలివిజన్ తెర పొడవు వెడల్పుల నిష్పత్తి కూడా నాలుగుకు మూడు కావడం వల్ల, ఒక బ్లాకు పటం తెర మీద నిండుగా సరిపోయేది; పరిపాలన సరిహద్దులను, ఊరి పొలిమేరలను పక్కనపెట్టి తెర కొలతను బట్టి నేలను పంచుకున్న సర్వే బహుశా చరిత్రలో అదే మొదటిది.

ప్రతి బ్లాకుకూ తెర నిండేంత వచనం ఒక పుటగా లెక్కగట్టి ఇరవై పుటలు, మూడు ఛాయాచిత్రాలు మాత్రమే కేటాయించారు. ఇంకో వెయ్యేళ్ల తరువాత చదివేవారికి ఏది ఆసక్తి కలిగిస్తుందో అది రాయమన్నదే పిల్లలకు ఇచ్చిన సూచన. ఈ రెండూ, అంటే చోటు తక్కువగా ఉండటం, ఏరుకునే స్వేచ్ఛ పూర్తిగా ఉండటం, ఆ పనికి ప్రాణం పోశాయి. తమ పన్నెండు చదరపు కిలోమీటర్లలో చర్చి, పాత మిల్లు, రైల్వే స్టేషను, కొత్తగా కట్టిన ఇళ్ల వరుస, బడి ఆటస్థలం, ఊరి సంత అన్నీ ఉన్నప్పుడు, మూడే ఫోటోలకు దేన్ని ఎంచుకోవాలి, దేన్ని వదిలేయాలి అన్న ప్రశ్నకు తరగతి మొత్తం కూర్చుని వాదించుకుంటే తప్ప జవాబు దొరకదు. ఏది ఆధారం, ఏది వట్టి ముచ్చట అని చరిత్రకారుడు తనలో తాను తేల్చుకునే విషయం అక్కడ పదకొండేళ్ల పిల్లల నడుమ పైకి జరిగే చర్చగా మారింది. కొందరు అంగళ్లు లెక్కబెట్టి ధరలు రాసుకొస్తే, కొందరు ముసలివారిని అడిగి పాత సంగతులు పట్టుకొచ్చేవారు, కొందరు పటం మీద నేల తీరు గుర్తించేవారు. చివరికి అంతా కలిపి, పుటకు సరిపడేలా కుదించి, బీబీసీ మైక్రోలో టైపు చేసి, ఫ్లాపీలో ఎక్కించి పంపించేవారు. ఆ పుటల్లో ఊరి చరిత్రతోపాటు బడిలో మధ్యాహ్న భోజనం, టెలివిజన్‌లో వచ్చే కార్యక్రమాలు, వేసుకునే బట్టలు, తల్లిదండ్రుల ఉద్యోగాలు, ఊళ్లో పెరుగుతున్న నిరుద్యోగం కూడా చోటుచేసుకున్నాయి. 1086 నాటి గుమాస్తాలు పశువులనూ మరలనూ పేరుపేరునా లెక్కించి, పిల్లలు ఏం తింటున్నారో, ఏం ఆడుకుంటున్నారో ఒక్క ముక్క కూడా రాయలేదు; ఆ కొరతను తొమ్మిది వందల ఏళ్లకు పిల్లలే తీర్చారు.

9,000కు పైగా పాఠశాలలు ఇందులో పాల్గొన్నాయి. పిల్లలూ పెద్దలూ కలిపి పది లక్షల మందికి పైగా చేయివేశారని బీబీసీ లెక్క. పోగుపడిన వచనం 1,47,819 పుటలు, ఛాయాచిత్రాలు 23,225. అయినా పటంలో ఖాళీ బ్లాకులు చాలానే మిగిలాయి. జనసాంద్రత తక్కువగా ఉన్న కొండ ప్రాంతాల్లో బడులే లేకపోవడం ఒక కారణమైతే, 1985, 1986 సంవత్సరాల్లో జీతాల విషయమై ఉపాధ్యాయులు ఆందోళనలో ఉండి, బడివేళల తరువాత చేసే పనులను మానుకోవడం మరొక కారణం.

ఇంత సరంజామాను మోయగల వస్తువు ఆనాడు లేజర్ డిస్కు ఒక్కటే. గ్రామఫోను రికార్డంత వెడల్పు ఉండి, అద్దంలా మెరిసే ఈ పళ్లెం మీద లేజర్ కాంతితో చదివే సన్నని గుంతల రూపంలో బొమ్మలను నిక్షేపిస్తారు. ఒక్కొక్క పక్కన 54,000 నిశ్చల చిత్రాలకు చోటుంటుంది. డూమ్స్‌డే కోసం ఫిలిప్స్ దానికి మరో గుణం జతచేసి, చిత్రాలతోపాటు సుమారు 300 మెగాబైట్ల కంప్యూటర్ సమాచారం కూడా అదే పక్కన పట్టేలా చేసింది. పిల్లల రచనలు, పటాలు ఒక డిస్కులో రెండు పక్కలా చేరి, ఒక పక్క దేశపు దక్షిణ భాగానికీ రెండో పక్క ఉత్తర భాగానికీ దక్కాయి. దానికి కమ్యూనిటీ డిస్కు అని పేరు. 1981 జనాభా లెక్కలు, సర్వే సంస్థల గణాంకాలు, వార్తాచిత్రాలు, నిపుణుల వ్యాసాలు నేషనల్ డిస్కు అనే రెండో డిస్కుకు వెళ్లాయి. అరచేతితో దొర్లించే బంతి సాయంతో దేశపటం మీద ఒక చోటును చూపిస్తే ఆ ప్రాంతం, మళ్లీ చూపిస్తే ఆ బ్లాకు, ఆపై ఆ ఊరి ఫోటోలు, పిల్లల పుటలు వరుసగా తెర మీదికి వచ్చేవి. అంతర్జాలం ఇంకా ఇళ్లకు చేరని రోజుల్లో అది సామాన్యమైన విషయం కాదు.

కానీ ఆ తెరను ఎంతమంది చూడగలిగారన్నదే ఈ చరిత్రలో బాధ కలిగించే ఘట్టం. డిస్కులు, వాటిని తిప్పే యంత్రం, దానికి తగిన కంప్యూటర్ కలిపి సుమారు 5,000 పౌండ్లు పలికాయి; బీబీసీ మైక్రో ధర 399 పౌండ్లయిన కాలంలో ఆ సొమ్ముతో ఒక బడి పన్నెండు కంప్యూటర్లు కొనుక్కోగలదు. సమాచారం పంపిన బడుల్లో అత్యధిక భాగానికి ఆ స్తోమత లేకపోవడంతో, తమ ఊరి గురించి తామే రాసిన పుటను తెర మీద ఒక్కసారైనా చూసుకోకుండానే ఆ పిల్లలు బడి దాటి వెళ్లిపోయారు. రాయడంలో దేశమంతటికీ భాగం పెట్టిన ప్రణాళిక, చదవడాన్ని కొద్ది గ్రంథాలయాలకూ సంస్థలకూ పరిమితం చేసింది. ఆ తప్పును యంత్రానిదని సరిపెట్టుకోవడం న్యాయం కాదు. ప్రతి బడికీ దాని సొంత బ్లాకు పుటలను కాగితం మీద అచ్చువేసి పంపి ఉంటే ఆ లోటు సులభంగా తీరేది.

కొద్ది ఏళ్లలోనే ఆ ప్రత్యేక డిస్కు యంత్రాల తయారీ ఆగిపోయి, పాతవి మరమ్మతుకు లొంగని స్థితికి వచ్చాయి. చర్మపత్రం మీది 1086 గ్రంథం చదువుకోవడానికి వీలుగా ఉండగా, 1986 నాటి డిస్కు పదిహేనేళ్లకే మూగబోయిందన్న వార్త 2002లో పత్రికలకెక్కింది. అదే ఏడాది లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల కామిలియన్ పరిశోధక బృందం, పాత కంప్యూటర్ ప్రవర్తనను కొత్త కంప్యూటర్‌లో ప్రోగ్రాము ద్వారా అనుకరించే ఎమ్యులేషన్ పద్ధతితో ఆ డిస్కును మళ్లీ పలికించింది. మొదటి ప్రణాళికలో పనిచేసిన ఆండీ ఫిన్నీ, డిస్కుకు మాతృక అయిన వీడియో టేపుల నుంచి చిత్రాలను మరింత స్పష్టంగా తిరిగి రాబట్టడంలో తోడ్పడ్డాడు.

చివరకు 2011లో బీబీసీ డూమ్స్‌డే రీలోడెడ్ అన్న పేరుతో ఆ పుటలను అంతర్జాలంలో ఉంచి, ఆనాటి ఫోటో పక్కన అదే చోటి నేటి ఫోటోను చేర్చమని ప్రజలను కోరింది. పదేళ్ల వయసులో రాసి పంపిన వాక్యాలు ముప్పై అయిదేళ్ల వయసులో, ఎవరి ఇంట్లో వారికి, పైసా ఖర్చు లేకుండా కనిపించాయి. ఆ వెబ్ పుటలను అనంతరం బ్రిటన్ జాతీయ ప్రాచీన పత్రాగారం భద్రపరిచింది. పనిచేసే అసలు యంత్రాన్ని బ్లెచ్లీ పార్కులోని కంప్యూటింగ్ మ్యూజియంలో సందర్శకులు చూడవచ్చు. 2011లో బీబీసీ ప్రజల ముందుకు తెచ్చింది రెండు డిస్కుల్లో ఒక్కదాన్నే: గణాంకాలతో, నిపుణుల వ్యాసాలతో నిండిన నేషనల్ డిస్కు అందులో లేదు, పిల్లలు రాసిన కమ్యూనిటీ డిస్కే ఉంది.