పశువుల టీకా డ్రోన్‌లో వస్తే.. రైతుకు ఏం లాభం?

ఊళ్లో మీ అమ్మానాన్నలకు పాడి గేదె ఉందా? అయితే ఇది మీరు తెలుసుకోవాల్సిన విషయమే. గాలికుంటు వ్యాధి సోకితే పశువు నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడతాయి. మేత ముట్టదు, పాలు పడిపోతాయి. దీని నివారణకు ప్రభుత్వం ఏడాదికి రెండుసార్లు ఉచితంగా టీకా వేయిస్తోంది. అయితే మారుమూల ఊళ్లకు ఆ టీకా చెడిపోకుండా చేరాలి.

చల్లదనం ఎందుకంత ముఖ్యం?

గాలికుంటు టీకాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంచాలి. వేడెక్కినా, గడ్డకట్టినా దాని బలం తగ్గుతుంది. ఆ తేడా కంటికి కనిపించకపోవచ్చు. టీకా పడింది కదా అని రైతు ధీమాగా ఉంటారు. వ్యాధి వచ్చాకే నష్టం తెలుస్తుంది. దారి బాగోలేక ప్రయాణం గంటల తరబడి సాగితే ఈ ముప్పు మరింత ఎక్కువ.

డ్రోన్ ఏం చేయగలదు?

ఆ ప్రయాణ సమయాన్ని తగ్గించగలదు. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో ‘మెడిసిన్ ఫ్రమ్ ద స్కై’ పేరిట మందులు, టీకాల సరఫరాను పరీక్షించారు. మరుసటి నెలలో మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సులో ఉన్న కరాంగ్ దీవికి ఐసీఎంఆర్ కొవిడ్ టీకాలు పంపింది. మామూలు దారిలో 26 కిలోమీటర్లు. ఆకాశమార్గంలో సుమారు 15 కిలోమీటర్లే. పావుగంటలోపే డ్రోన్ అక్కడ దిగింది. ఈ రెండూ మనుషుల కోసం చేసినవే. ఆఫ్రికా దేశం రువాండాలో 2016లో రక్తం సరఫరాతో మొదలైన జిప్‌లైన్ డ్రోన్లు, తర్వాత పశువుల టీకాలనూ చేరవేశాయి.

ఏం చేయలేదు?

డ్రోన్ మోసే బరువు తక్కువ. మండలమంతా టీకాలు వేయాలంటే వ్యాన్ కావాల్సిందే. వాగు పొంగి దారి తెగినప్పుడు, ఒక ఊళ్లో వ్యాధి బయటపడి అత్యవసరంగా టీకాలు కావాల్సినప్పుడు డ్రోన్ అక్కరకొస్తుంది. గాలివాన ఉంటే అదీ కష్టమే. టీకా దిగాక చల్లగా దాచే పెట్టె, పశువును పట్టుకుని సూది వేసే సిబ్బంది ఊళ్లో సిద్ధంగా ఉండాలి. వాళ్లు లేకపోతే డ్రోన్ ఎంత వేగంగా వచ్చినా ఫలితం ఉండదు.

ఇప్పుడు మీరేం చేయొచ్చు?

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు గేదెకు చివరి టీకా ఎప్పుడు వేయించారో అడగండి. తర్వాతి విడత ఎప్పుడో దగ్గర్లోని పశువైద్యశాలలో కనుక్కోమనండి. సీసాను ఐస్ బాక్స్‌లోంచే తీస్తున్నారో లేదో చూడమనండి. పశువు జబ్బు పడితే టోల్‌ఫ్రీ నంబరు 1962కు ఫోన్ చేయాలి.