పచ్చ టిక్కు చెప్పని సంగతి

బ్యాకప్ రిపోర్టులో పచ్చ టిక్కులు చూసి కాఫీకి వెళ్ళిపోయే మా టీమ్ కుర్రాళ్ళకి ఈ పాత కథ చెప్తుంటాను.

2006లో వీఎంవేర్ కన్సాలిడేటెడ్ బ్యాకప్ వచ్చేదాకా ఒక్కో వర్చువల్ మెషీన్ లోపలా ఒక ఏజెంటు పెట్టడమే మామూలు పద్ధతి. ఒకే సర్వరు మీదున్న పది మెషీన్లూ రాత్రి ఒకేసారి బ్యాకప్ మొదలెడితే ఇంకేముంది, సర్వరు చతికిలబడేది.

2009లో వీస్ఫియర్ 4తో ఛేంజ్‌డ్ బ్లాక్ ట్రాకింగ్ వచ్చింది. డిస్కులో మారిన బ్లాకులేవో హైపర్‌వైజరే చెప్తుంది, అవి మాత్రం కాపీ చేసుకుంటే చాలన్నమాట.

అసలు సంగతి 2014లో బయటపడింది. ట్రాకింగ్ నడుస్తుండగా డిస్కుని 128 జీబీ దాటించి పెంచితే ఆ జాబితా తప్పుగా రావచ్చట! జాబ్ సక్సెస్, ఎర్రర్ లేదు, రిస్టోర్ చేస్తేనే తెలుస్తుంది డేటా చెడిందని. వీస్ఫియర్ 4 నాటి నుంచీ ఉన్న బగ్గు అది. ప్యాచ్ వచ్చింది లెండి. అప్పటికే పాడైన కాపీలని మాత్రం ఏ ప్యాచూ బాగుచేయలేదు.