దివ్యాంగుల పార్కింగ్ స్థలం

నడవడం కష్టమైనవారు తమ వాహనాన్ని భవన ప్రవేశద్వారానికి దగ్గరగా నిలుపుకునేందుకు ప్రత్యేకంగా కేటాయించిన చోటును దివ్యాంగుల పార్కింగ్ స్థలం అంటారు. నీలిరంగు మీద తెల్లని చక్రాల కుర్చీ బొమ్మ దీని గుర్తు. డెన్మార్క్‌కు చెందిన సుసానె కోఫోడ్ 1968లో గీసిన రూపమే దానికి మూలం.

కొలతలు: భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ బస్టాపులు, రైల్వే స్టేషన్లు, విమానాశ్రయాలలో ప్రమాణాలకు తగిన పార్కింగ్ ఉండాలంటుంది. అమెరికాలో 1990 నాటి చట్టాన్ని అనుసరించిన ప్రమాణాల ప్రకారం 8 అడుగుల వెడల్పుగల స్థలం పక్కన కనీసం 5 అడుగుల నడవా వదలాలి. చారలు గీసిన ఈ నడవా ఖాళీ జాగాగా కనిపించినా, కారు తలుపు బార్లా తెరిచి, చక్రాల కుర్చీ దింపుకుని, సీటులోంచి అందులోకి జరగడానికి వీలుండేది అక్కడే కాబట్టి, దానికి అడ్డంగా ఒక్క స్కూటరు నిలిపినా పక్కనున్న స్థలం ఉండీ లేనట్టే.

మర్యాద, న్యాయం: బ్రిటన్‌లో ఇచ్చే బ్లూ బ్యాడ్జ్ అనే అనుమతి కార్డు వాహనానికి కాక వ్యక్తికి చెందుతుంది కనుక, ఆ వ్యక్తి ప్రయాణంలో లేనప్పుడు కుటుంబసభ్యులు దానిని వాడుకోవడం నేరం. ఇంగ్లండ్‌లో 2019 నుంచి పైకి కనిపించని వైకల్యాలకూ ఈ కార్డు వర్తిస్తున్నందున, కారు దిగి నడిచిన మనిషిని చూపుతోనే అనర్హుడిగా తేల్చడం తగదు. ‘ఐదు నిమిషాలే కదా’ అన్న సాకు మాత్రం చెల్లదు. అర్హుడు వచ్చేది ఆ ఐదు నిమిషాల్లోనే కావచ్చు.