లేని ప్రోటీన్, చెడిన ప్రోటీన్: డిస్ట్రోఫిక్ ఎపిడెర్మోలైసిస్ బులోసాలో జన్యుమార్పులు – వ్యాధి తీవ్రత

చిన్నపాటి రాపిడికే చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే వంశపారంపర్య వ్యాధుల సముదాయాన్ని ఎపిడెర్మోలైసిస్ బులోసా అంటారు. బొబ్బ చర్మంలో ఏ లోతున లేస్తుందన్నదే ప్రధాన ఆధారంగా దీన్ని సింప్లెక్స్, జంక్షనల్, డిస్ట్రోఫిక్, కిండ్లర్ అని నాలుగు రకాలుగా విభజించారు. వీటిలో డిస్ట్రోఫిక్ రకానికి మూలం 3వ క్రోమోజోముపై ఉన్న సీఓఎల్7ఏ1 అనే ఒకే ఒక్క జన్యువు. అయినా ఆ జన్యువులోని మార్పుల వల్ల ఒకరికి గోళ్లు మాత్రమే దెబ్బతింటే, మరొకరికి పుట్టిన నాటి నుంచే ఒంటినిండా పుండ్లు పడతాయి. ఇంత తేడాకు కారణం మార్పు పరిమాణం కాదని, ఆ మార్పు తర్వాత ప్రోటీన్ ఏ స్థితిలో మిగిలిందన్నదేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఈ జన్యువులో 118 ఎక్సాన్లు, అంటే ప్రోటీన్ నిర్మాణ సూచనలు గల ఖండాలు ఉన్నాయి. వాటి ప్రకారం తయారయ్యే గొలుసులు మూడేసి పెనవేసుకుని 7వ రకం కొలాజెన్‌గా మారగా, ఆ కొలాజెన్ అణువులు కట్టలు కట్టి, చర్మపు పైపొరను కింది పొరకు బిగించి ఉంచే లంగరు తంతువులుగా ఏర్పడతాయి. పెనవేత బిగువుగా ఉండాలంటే గొలుసులో ప్రతి మూడో స్థానంలో గ్లైసీన్ ఉండాలి. మూడు గొలుసులు కలిసే ఇరుకు చోటులో అమైనో ఆమ్లాలన్నిటిలోకీ చిన్నదైన గ్లైసీన్ తప్ప మరొకటి ఇమడదు.

ప్రోటీన్ తయారీని మధ్యలోనే ఆపే సంకేతం జన్యువు ప్రతి (కాపీ)లో అకాలంగా ఏర్పడితే, ఆ ప్రతి నుంచి వచ్చే సందేశవాహక ఆర్‌ఎన్‌ఏను సాధారణంగా కణమే నాశనం చేస్తుంది. తల్లిదండ్రులలో ఒకరి నుంచే ఇలాంటి ప్రతి వచ్చినవారిలో కొలాజెన్ సగానికి తగ్గినా, ఉన్నదంతా మంచిదే కావడంతో చర్మం నిలుస్తుంది. ఇద్దరి నుంచీ అలాంటి ప్రతులే సంక్రమిస్తే మాత్రం లంగరు తంతువులు దాదాపు ఏర్పడవు. అప్పుడు పసిబిడ్డ ఒంటికి అంటించిన ప్లాస్టర్ తీసినా చర్మం దానితో పాటే ఊడివస్తుంది. మచ్చలు కడుతూ మానే క్రమంలో వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, అన్నవాహిక సన్నబడుతుంది, యౌవనంలోనే స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ తలెత్తే ముప్పు ఏర్పడుతుంది.

గ్లైసీన్ స్థానంలో మరో అమైనో ఆమ్లం చేరినప్పుడు పరిస్థితి వేరు. చెడిన గొలుసు నాశనం కాకుండా మంచి గొలుసులతో పెనవేసుకుంటుంది. రెండు రకాల గొలుసులూ సమానంగా తయారై, ఎంపిక లేకుండా కలుస్తాయనుకుంటే, మూడూ మంచివే అయిన అణువులు ఎనిమిదింట ఒకటి మాత్రమే. అందుకే ఒకే ప్రతిలోని దోషం కూడా వ్యాధిగా బయటపడుతుంది. దీన్నే బహిర్గత వారసత్వం అంటారు. అయినా లంగరు తంతువులు కొన్నయినా పనిచేస్తాయి కనుక ఈ రూపం చాలామందిలో తేలికగానే ఉంటుంది. గ్లైసీన్ మార్పులన్నీ ఇలా ప్రవర్తించవు. కొన్ని రెండో ప్రతి కూడా దెబ్బతింటేనే వ్యాధిని కలిగిస్తాయి.

జన్యుమార్పు ఒక్కటే తీవ్రతను పూర్తిగా నిర్ణయించదు. ఒకే మార్పు ఉన్న రక్తసంబంధీకుల్లోనూ వ్యాధి వేర్వేరుగా కనిపించడానికి, మచ్చ కట్టడాన్ని ప్రేరేపించే టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్ చురుకుదనం, ఇన్ఫెక్షన్లు, పోషణ వంటివి తోడవుతాయి.

2023లో అమెరికా ఆమోదించిన బెరెమజీన్ జెపెర్పావెక్ అనే జెల్, పుండులోని కణాలకు సీఓఎల్7ఏ1 మంచి ప్రతిని అందిస్తుంది. చెడిన గొలుసు తయారీనే అణచే మార్గాలపైనా పరిశోధన సాగుతోంది. లోపించినదాన్ని అందించాలా, చెడినదాన్ని అడ్డుకోవాలా అన్న ఎంపికకు జన్యుమార్పు స్వభావమే ఆధారం. మేనరికాలు నేటికీ సాగుతున్న తెలుగు ప్రాంతాల్లో ఈ అవగాహన మరింత అవసరం. రెండు ప్రతులూ దెబ్బతింటేనే వ్యాధిని కలిగించే దోషం ఒకే పూర్వీకుల నుంచి వచ్చి దంపతులిద్దరిలోనూ ఒక్కో ప్రతిలో ఉంటే ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. కనుక జన్యుపరీక్ష నివేదిక మార్పు పేరును చెప్పడంతో సరిపెట్టకూడదు. ఆ మార్పు ప్రోటీన్‌ను లేకుండా చేస్తుందా, చెడగొడుతుందా అన్నది, మలి కాన్పుకు ఉన్న ముప్పు ఎంతన్నది తల్లిదండ్రులకు అర్థమయ్యే మాటల్లో వివరించినప్పుడే అది వైద్యానికి ఉపకరిస్తుంది.