ఎల్లారెడ్డిలో ఇద్దరు అక్కలు

1980 ఆగస్టు 15న పోలండ్‌లోని గ్దాన్స్క్ నగరంలో హెన్రికా క్షివోనోస్ అనే ట్రామ్ డ్రైవర్ తన బండిని నడిరోడ్డు మీద ఆపేశారు. షిప్‌యార్డు సమ్మెకు అలా నగర రవాణా తోడైంది. నెలాఖరు ఒప్పందం మీద సంతకం పెట్టిన కార్మిక ప్రతినిధుల్లో ఆమె ఒకరు. 2015లో పార్లమెంటుకు ఎన్నికయ్యారు. అక్కడ ఆమెను కార్మిక నాయకురాలు అనే రాసుకున్నారు.

మరి మన దగ్గర? బేగంపేట ఫ్లైఓవర్ కింద తెల్లారకముందే చీపురు పట్టే అక్కలది కార్మిక చరిత్ర కాదా? ఆ పని చేసే కులాల నుంచి అసెంబ్లీకి వెళ్లిన ఆడవాళ్లను మాత్రం 'ఎస్సీ నాయకురాలు' అని ఒక మూలన కూర్చోబెట్టారు.

టి.ఎన్. సదాలక్ష్మి సికింద్రాబాద్ పెన్షన్‌పురాలో మెహతర్ కుటుంబంలో పుట్టారు. ఊరి మలం ఎత్తే పనిని పుట్టుకతోనే అంటగట్టిన కులం అది. 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ డిప్యూటీ స్పీకర్ అయ్యారు. తర్వాత దేవాదాయ శాఖ మంత్రి. గుడి మెట్లు ఎక్కనివ్వని కులం బిడ్డ చేతికి గుళ్ల శాఖ! గోగు శ్యామల రాసిన 'నేనే బలాన్ని' ఆమె జీవిత కథే. ఇంకా చదవని విద్యార్థులు వెతికి చదవండి.

జెట్టి ఈశ్వరీబాయిది మాల కుటుంబం. 1918లో పుట్టారు. చిలకలగూడ బిడ్డ, బడిపంతులమ్మ. షెడ్యూల్డు కులాల ఫెడరేషన్‌లో, ఆ తర్వాత రిపబ్లికన్ పార్టీలో పనిచేశారు. ఆమెకు ఫ్యాక్టరీ గేటు లేదు, బస్తీయే యూనియన్ ఆఫీసు. 1968లో కంచికచర్లలో కోటేశును సజీవంగా తగలబెట్టారు. ఆ రోజుల్లో దళితుల్ని తన్నాలన్నట్టు మాట్లాడిన మంత్రికి ఆమె అసెంబ్లీలో చెప్పు చూపించారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అప్పటికి ఏడాది ముందే, 1967లో, ఎల్లారెడ్డి రిజర్వుడు సీటులో వీళ్లిద్దరూ తలపడ్డారు. కాంగ్రెస్ నుంచి సదాలక్ష్మి, రిపబ్లికన్ పార్టీ నుంచి ఈశ్వరీబాయి. ఈశ్వరీబాయి గెలిచారు, 1972లో మళ్లీ గెలిచారు. జనరల్ సీటులో వీళ్లకు టికెట్ ఎవరిస్తారు? ఉన్న ఒక్క సీటు కోసం మన అక్కలే ఒకరికొకరు ఎదురు నిలబడాలి. ఆ ఏర్పాటు ఎవరు చేశారో అడగకుండా, దీన్ని మాల మాదిగ పంచాయితీగా చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. రెండేళ్లు తిరక్కుండానే 1969 తెలంగాణ ఉద్యమంలో ఇద్దరూ ముందు వరసలో నిలబడ్డారు. ఈశ్వరీబాయి జైలుకు కూడా వెళ్లారు.

ఈశ్వరీబాయి 1991లో పోయారు. సదాలక్ష్మి ముసలితనంలో మాదిగ దండోరాకు పెద్దదిక్కుగా నిలిచి, 2004లో కన్నుమూశారు. ఈశ్వరీబాయి విగ్రహం వెస్ట్ మారేడుపల్లిలో ఉంది. బేగంపేట నుంచి పెద్ద దూరమేమీ కాదు.