ఇంటి వైఫై: రౌటర్ ఎంపిక, అమరిక

ఇంటి దాకా వచ్చిన ఇంటర్నెట్‌ను ఫోన్లకు, టీవీలకు, ల్యాప్‌టాప్‌లకు వైరు లేకుండా పంచే పరికరం వైఫై రౌటర్. ఇంట్లో ఏ మూల కూర్చున్నా నెట్ నిలకడగా అందితే కవరేజీ బాగున్నట్టు. కొనేవాళ్లలో ఎక్కువమంది అట్టపెట్టె మీద అచ్చేసిన వేగం చూసి, పైకి లేచిన యాంటెన్నాలు లెక్కపెట్టి కొంటారు. కవరేజీని తేల్చే వాటిలో ఈ రెండూ ఆఖరివి. గోడలు దేనితో కట్టారు, రౌటర్ ఎక్కడ పెట్టారు, రెండో పరికరం దాకా వైరు వెళ్తుందా లేదా అన్న మూడు సంగతులు తేలాకే మోడల్ మాట.

తరంగాలు, గోడలు

వైఫై ప్రమాణం ఐఈఈఈ 802.11 పేరుతో 1997లో వచ్చింది. అప్పటి గరిష్ఠ వేగం 2 ఎంబీపీఎస్. తర్వాత వచ్చిన తరాలకు అక్షరాల తోకలు పెరిగి జనం తికమకపడుతుంటే, 2018లో వైఫై అలయన్స్ వరస సంఖ్యలు ఇచ్చింది: 2009 నాటి 802.11ఎన్ వైఫై 4, 2013 నాటి 802.11ఏసీ వైఫై 5, 2021లో ఆమోదం పొందిన 802.11ఏఎక్స్ వైఫై 6. వైఫై 7 పరికరాలకు ధ్రువీకరణ 2024 జనవరిలో మొదలైంది.

తరం ఏదైనా ఇళ్లలో నడిచేది ప్రధానంగా రెండు బ్యాండ్ల మీద. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది, గోడల్ని కాస్త బాగా దాటుతుంది. కానీ ఆ దారి ఇరుకు. ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు అందులో మూడే: 1, 6, 11. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, పక్క ఫ్లాట్ల రౌటర్లు అన్నీ అక్కడే తోసుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ దారి వెడల్పు, వేగం ఎక్కువ, గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది. మన దేశంలో 2.4 బ్యాండును లైసెన్సు లేకుండా వాడుకునే వీలు 2005లో వచ్చింది. 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ మేర 2018 అక్టోబరులో తెరిచారు. మూడోది 6 గిగాహెర్ట్జ్. అమెరికాలో దాన్ని 2020లోనే 1200 మెగాహెర్ట్జ్ మేర వైఫైకి ఇచ్చేశారు. ఇక్కడ దాని దిగువ భాగానికి, అంటే 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు, టెలికాం శాఖ 2025 మేలో ముసాయిదా నిబంధనలు వెలువరించింది. 6 గిగాహెర్ట్జ్ చేరే దూరం 5 కన్నా ఇంకా తక్కువ. అందువల్ల సిగ్నల్ అందని గదికి అది మందు కాదు.

ఖాళీ జాగాలోనే దూరం రెట్టింపైతే సిగ్నల్ బలం నాలుగో వంతుకు పడుతుంది. ఇంట్లో దానికి గోడలు తోడు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఒకటి దాటినా 5 గిగాహెర్ట్జ్‌తో పని నడుస్తుంది. తొమ్మిది అంగుళాల గోడకు రెండు వైపులా సిమెంటు పూత, ఆపైన బాత్రూం టైల్స్ ఉంటే కష్టం. ఇనుప చువ్వలు అల్లిన కాంక్రీటు స్లాబు అన్నిటికన్నా మొండిది. కింది హాల్లో ఉన్న రౌటర్ మేడ మీద గదికి అందకపోవడానికి కారణం అదే. ఇనుప బీరువా, ఫ్రిజ్, వెనక లోహపు పూత ఉన్న నిలువుటద్దం, పైకప్పు రేకులు తరంగాన్ని తిప్పికొడతాయి. నీళ్ల ట్యాంకు, చేపల తొట్టి పీల్చుకుంటాయి.

అమెరికాలో ఇళ్లు చాలావరకు చెక్క చట్రానికి జిప్సం బోర్డు బిగించి కడతారు. పెట్టె మీద కనిపించే "2,500 చదరపు అడుగుల కవరేజీ" లాంటి మాటలను ఇటుక, కాంక్రీటు ఇంటికి యథాతథంగా వర్తింపజేయకూడదు. డాలస్ నుంచి సెలవులకొస్తూ పిల్లలు తెచ్చిన ఖరీదైన రౌటర్ గుంటూరులో పై అంతస్తుకు అందకపోతే తప్పు దానిది కాదు. అలా తెచ్చినదాన్ని ప్లగ్గులో పెట్టేముందు అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ఉందో లేదో మాత్రం చూసుకోవాలి.

"హై పవర్" అని అమ్మే రౌటర్ల విషయంలో ఒక మెలిక ఉంది. నెట్ అంటే రాకపోకలు రెండూ. రౌటర్ ఎంత గట్టిగా పంపినా, చిన్న బ్యాటరీతో నడిచే ఫోన్ తిరిగి పంపే సిగ్నల్ బలహీనమే. ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తూ వాట్సాప్ సందేశం మాత్రం గడియారం గుర్తు దగ్గరే ఆగిపోయే పరిస్థితికి ఇదొక కారణం.

ఎక్కడ పెట్టాలి

ఫైబర్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు వైరు ఎక్కడ లోపలికొస్తే అక్కడే బాక్సు బిగించి వెళ్లిపోతాడు. బాల్కనీ పక్క గోడ, టీవీ వెనక, షోకేసు లోపల, అటక మీద. అతనికి వైరు ఆదా, ఇంటివాళ్లకు రోజూ అవస్థ. సన్నటి ఫైబర్ తీగను పది, పదిహేను మీటర్లు అదనంగా లోపలికి లాగించుకోవడం పెద్ద పని కాదు, బిగించే రోజే గట్టిగా అడగాలి. ఒకసారి బిగించి వెళ్లాక మళ్లీ పిలిపించుకోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

ఇంటి మధ్యలో, మనిషి తల ఎత్తుకు కాస్త పైన, చుట్టూ లోహం లేని చోటు మేలు. హాలుకు, పడగ్గదులకు నడుమ ఉన్న నడవా గోడ చాలా ఇళ్లలో సరిపోతుంది. రౌటర్‌కు, గదికి మధ్య గోడ కాకుండా గుమ్మం పడేలా చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. నిలువు కడ్డీ యాంటెన్నా నుంచి తరంగం గారె ఆకారంలో చుట్టూ పరచుకుంటుంది, కొనల వైపు తక్కువ. ఒకే అంతస్తు ఇంట్లో యాంటెన్నాలన్నీ నిలువుగా ఉంచాలి. పై అంతస్తుకు కొంతైనా అందాలంటే ఒకదాన్ని అడ్డంగా వాల్చి చూడవచ్చు.

కొనే ముందు ఉన్నదాన్నే కొలవడం మంచిది. ఆండ్రాయిడ్‌లో వైఫై అనలైజర్ రకం యాప్‌లు సిగ్నల్‌ను డీబీఎం అంకెల్లో చూపిస్తాయి. ఐఫోన్‌లో యాపిల్ ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్‌కు సెట్టింగ్స్‌లో వైఫై స్కానర్ ఆన్ చేసుకోవాలి. అంకె ముందు మైనస్ ఉంటుంది, సున్నాకు దగ్గరైన కొద్దీ బలం. 3 తగ్గితే బలం సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతైనట్టు. రౌటర్ పక్కన −35 ఉన్నది పడగ్గది గుమ్మంలో −55, తలుపు మూసి బీరువా పక్కన మంచం మీద కూర్చుంటే −74 కావచ్చు. −67 దాకా వీడియో కాల్‌కు ఢోకా లేదు. −70 దాటితే మాటలు తెగుతాయి. −80 దగ్గర ఒకటి రెండు గీతలు కనిపిస్తాయే గానీ పేజీ తెరుచుకోదు. తలుపు తీసి, మూసి, రౌటర్‌ను రెండడుగులు జరిపి మళ్లీ చూస్తే, డబ్బు ఖర్చు కాకుండానే సగం సమస్య తీరిపోయే ఇళ్లున్నాయి.

అపార్ట్‌మెంట్లలో పక్కవారి రౌటర్ల రద్దీ కూడా ఆ యాప్‌లోనే కనిపిస్తుంది. 2.4లో ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచి, 1, 6, 11లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోవాలి. 5లో 80 మెగాహెర్ట్జ్ వెడల్పు సాధారణంగా సరిపోతుంది.

పెట్టె మీది అంకెలు

ఏసీ1200 అని ఉన్న పెట్టెను తిప్పి చూస్తే లెక్క బయటపడుతుంది. 2.4 బ్యాండులో 300, 5 బ్యాండులో 867, కలిపితే 1167, దాన్ని 1200 చేసి అచ్చేశారు. ఫోన్ ఒక సమయంలో ఒక బ్యాండుకే తగులుకుంటుంది కాబట్టి ఈ కూడిక ఎవరికీ అందదు. ఏఎక్స్3000 కూడా అంతే: 574, 2402 కలిపిన మొత్తం. అందులో 2402 రావాలంటే ఛానల్ 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉండాలి, ఫోన్ కూడా దాన్ని అందుకోవాలి. లేకపోతే 1201 దగ్గరే ఆగుతుంది. పైగా ఇవన్నీ లింకు వేగాలు. రౌటర్ ఎదురుగా కూర్చున్నా చేతికొచ్చేది అందులో అరవై శాతం ఉంటే మేలే.

అసలు చూడాల్సిన అంకె చిన్న అక్షరాల్లో ఉంటుంది: పోర్టుల వేగం. చౌక ఏసీ1200 రౌటర్లలో చాలావాటికి పోర్టులు 10/100 రకం. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు నెలనెలా డబ్బు కట్టి, ఆ పోర్టు గుండా 95కు మించి తీసుకోలేని ఇళ్లు ఎన్నో. 100 దాటిన ప్లాన్ ఉంటే గిగాబిట్ పోర్టులు లేని రౌటర్‌ను ముట్టుకోవద్దు. అలాగని ప్లాన్ పెంచుకుంటూ పోవడమూ దండగే. వీడియో కాల్‌కు 4 ఎంబీపీఎస్, 4కే సినిమాకు 25 చాలు. వెనక గదిలో నెట్ ఆగిపోతుంటే ప్లాన్ మార్చినందువల్ల ఒరిగేదేమీ ఉండదు.

రెండు మూడు పడగ్గదుల ఇంటికి ఇప్పుడు కొనదగినది రెండు బ్యాండ్ల వైఫై 6 రౌటర్, గిగాబిట్ పోర్టులతో. చాలా పరికరాలు ఒకేసారి తగులుకున్నప్పుడు ఒకే ఛానల్‌ను ముక్కలు చేసి అందరికీ పంచే ఏర్పాటు వైఫై 6తో వచ్చింది. టీవీ, నాలుగు ఫోన్లు, సీసీ కెమెరాలు ఉన్న ఇంట్లో అది అక్కరకొస్తుంది. సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు చాలావరకు 2.4నే అందుకుంటాయి. అందుకే ఆ బ్యాండును ఆపేయకూడదు.

రెండో పరికరం

ఒక రౌటర్‌తో తీరని ఇళ్లు ఉంటాయి: పై అంతస్తు, పొడుగ్గా వెనక్కి సాగే పాత ఇల్లు, వెనక పోర్షన్. ప్లగ్గుకు తగిలించే ఎక్స్‌టెండర్ అన్నిటికన్నా చవక. ఒకే రేడియోతో ఇటు విని అటు పంపుతుంది కాబట్టి వేగం సగానికి పడుతుంది. దాన్ని సిగ్నల్ అసలు అందని గదిలో పెట్టడం తరచుగా జరిగే పొరపాటు. తనకే అందని సిగ్నల్‌ను అది ఇంకొకరికి ఏం పంచుతుంది? సిగ్నల్ ఇంకా బాగున్న సగం దారిలో పెట్టాలి.

మెష్ అంటే ఒకే పేరుతో, ఒకే యాప్ కింద పనిచేసే రెండు మూడు పెట్టెల జట్టు. 2016లో ఈరో, గూగుల్ వైఫైలతో ఇళ్లలోకి వచ్చింది. మనిషి గది మారుతుంటే ఫోన్‌ను దగ్గరి పెట్టెకు మళ్లించడానికి వీటిలో 802.11కె, వి, ఆర్ అనే ఏర్పాట్లు తోడ్పడతాయి. అయితే మెష్ పెట్టెలు కూడా తమలో తాము గాలిలోనే మాట్లాడుకుంటే స్లాబు అడ్డం వాటికీ ఉంటుంది. ఆ పెట్టెల మధ్య వైరు వేస్తే మాత్రం పై గదిలోనూ కింది గది వేగమే. వైరు వేశాక ఖరీదైన మెషే అక్కర్లేదు. పాత రౌటర్‌ను వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి, అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఇచ్చినా పని అవుతుంది.

ఈ వైరుకు వాడే క్యాట్6 కేబుల్‌లో రాగి బదులు రాగి పూసిన అల్యూమినియం తీగతో చవకగా అమ్మేవి ఉంటాయి. వాటిని వదిలేయాలి. కేబుల్ చివర ఉండే ఆర్‌జే45 జాక్‌ను దగ్గరగా పట్టుకుని చూడండి: పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపలి తీగలు కనిపిస్తాయి. ఎనిమిదీ ఉండాలి. తొందర పనిలో నాలుగే బిగించి పోతే నెట్ నడుస్తుంది, వేగం మాత్రం 100 దగ్గర ఆగుతుంది, కారణం ఎవరికీ తోచదు.

మిగతా జాగ్రత్తలు

ఫైబర్ బాక్సుకు సొంత రౌటర్ కలిపితే రెండూ అడ్రసులు పంచుతూ చిక్కులు తెస్తాయి. బాక్సును అడ్రసులు పంచకుండా బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించాలి, కంపెనీ ఒప్పుకోకపోతే సొంత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాలి. ఏది చేసినా బాక్సు తాలూకు వైఫైని ఆపేయడం మంచిది.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ మొదలైతే రెండు మూడు నిమిషాలు నెట్ ఉండదు. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఆ లోటు తీరుస్తుంది. ఫైబర్ బాక్సుకు, రౌటర్‌కు రెండింటికీ ఉండాలి. అడాప్టర్ మీది వోల్టులు, ఆంపియర్లు సరిపోల్చుకుని కొనాలి.

భద్రతకు డబ్ల్యూపీఏ2 తప్పనిసరి, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఉంటే అదే. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి, పాస్‌వర్డ్ లేకుండా కలిపే డబ్ల్యూపీఎస్ బటన్‌ను ఆపేయాలి, చుట్టాలకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వాలి.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారు గోడలకు పూత వేయకముందే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడండి. ఫైబర్ వచ్చే చోటు నుంచి ప్రతి అంతస్తు నడవా దాకా, కరెంటు తీగల పైపు కాకుండా వేరేగా, అంగుళం పైపు ఒకటి వేయించండి. అందులో రెండు క్యాట్6 కేబుళ్లు పడతాయి. రౌటర్‌ను ఎప్పుడైనా మార్చుకోవచ్చు, పూత వేశాక గోడలో పైపు వేయాలంటే మళ్లీ గోడ కొట్టాల్సిందే.