గుబ్బియో కొండ, దేవరగట్టు

ఇటలీ నడుమ అంబ్రియా ప్రాంతంలో గుబ్బియో అనే పాత ఊరుంది. ఇంజినో కొండ వాలును పట్టుకుని రాతిమేడలు, ఇరుకు సందులు. ఏటా మే 15న అక్కడ పునీతుల బొమ్మలు మోస్తూ ఒక పరుగు జరుగుతుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఎప్పుడో ఖాయమైపోయింది. మొదట పునీత ఉబాల్డో, తర్వాత జార్జి, ఆఖర్న ఆంథోనీ. ఒకరినొకరు దాటే పనే లేదు. అయినా ఊరు ఊరంతా ఆ రోజు కోసం ఏడాది పొడవునా కాచుకుని ఉంటుంది.

గుబ్బియోకు నలభై కిలోమీటర్ల దూరంలో పెరూజా ఉంది. విదేశీయులకు ఇటాలియన్ నేర్పడానికి 1921లో మొదలైన తరగతులు అక్కడే పెరిగి విశ్వవిద్యాలయమయ్యాయి. నేను చదువుకున్నది పెరూజాలోనే. అక్కడికొచ్చే పరదేశి విద్యార్థులకు సియెనా గుర్రప్పందేల గురించి ముందే తెలిసి ఉంటుంది, గుబ్బియో పేరు మాత్రం తోటి విద్యార్థులు చెబితేనే తెలుస్తుంది. హాలహర్వి నుంచి వెళ్లినవాణ్ని, పక్క మండలం హొళగుందలో దసరా రాత్రి దేవరగట్టు బన్ని, అంటే కట్టెల జాతర, చూస్తూ పెరిగినవాణ్ని కాబట్టి, నాకు గుబ్బియో పరుగులో కొత్త కన్నా పాతే ఎక్కువ కనబడింది.

ఉబాల్డో ఆ ఊరి బిషప్పు. 1160 మే 16న కన్నుమూశాడు. ఆయన గురించి గుబ్బియోలో చెప్పుకునే కథలు రెండు. ఊరి గోడ కడుతున్న మేస్త్రీ ఒకడు ఆయన ద్రాక్షతోటను పాడు చేశాడట. ఇదేమిటని అడిగితే సున్నం గుంటలోకి తోసేశాడట. జనం ఆ మేస్త్రీ మీద పడబోతే బిషప్పు అడ్డుపడి క్షమించాడు. ఈరోజు ఉబాల్డోను మోసే హక్కు తాపీ మేస్త్రీల వర్గానిదే. రెండో కథ నాకు మరీ దగ్గరగా అనిపించింది. ఊళ్లో రెండు వర్గాలు కత్తులు దూసుకుంటుంటే ఆయన మధ్యలోకి వెళ్లి చచ్చినవాడిలా నేల మీద పడిపోయాడు. బిషప్పును చంపేశామనుకుని అందరూ కత్తులు కింద పడేశారు. 1155లో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా సేనతో వస్తే ఎదురెళ్లి మాట్లాడి ఊరిని కాపాడాడని కూడా చెబుతారు. 1192లో పోపు ఆయన్ను పునీతుడిగా ప్రకటించాడు, రెండేళ్లకు దేహాన్ని కొండ మీదికి చేర్చారు. ఇప్పటికీ అక్కడి గుడిలో అద్దాల పెట్టెలో ఉంది.

ఆయన వర్ధంతి ముందురోజు వృత్తి సంఘాలు మైనపు కొవ్వొత్తులు సమర్పించేవి. వాటినే ‘చేరి’ అంటారు. 16వ శతాబ్దం చివరికి మైనం పోయి కొయ్య వచ్చింది. ఇప్పటి చేరి నాలుగు మీటర్ల పైచిలుకు ఎత్తు, దాదాపు మూడు వందల కిలోల బరువు ఉంటుంది. ఎనిమిది పలకల కొయ్య గూళ్లు రెండు ఒకదాని మీద ఒకటి, వాటి కొసన పునీతుడి బొమ్మ. మేస్త్రీలకు పసుపు చొక్కాలు, జార్జిని మోసే వ్యాపారులకూ చేతివృత్తులవాళ్లకూ నీలం, ఆంథోనీని మోసే రైతులకూ విద్యార్థులకూ నలుపు. అందరికీ తెల్ల ప్యాంట్లు, నడుముకు ఎర్ర పట్టీ.

మధ్యాహ్నం చేరిలను నిలబెట్టే ఘట్టం చూసి తీరాలి. 14వ శతాబ్దపు కాన్సుల్స్ మేడ ముందు మైదానంలో చీమ దూరే సందుండదు. మేడ గోపురం మీది పెద్ద గంటను మోగించేవాళ్లు వెల్లకిలా ఆనుకుని, చేతులతో పాటు కాళ్లతోనూ తన్ని ఊపుతారు. గంట మోగుతుండగా ఒక్కో జట్టు పెద్ద మోత కర్రల మీదికెక్కి నిలబడి, రంగులు వేసిన మట్టి కూజాలోని నీళ్లు చేరి అడుగున పోస్తాడు. ఆ వెంటనే కూజాను గాల్లోకి విసిరేస్తాడు. అదే క్షణాన పడుకోబెట్టిన చేరి ఒక్క ఊపున నిటారుగా లేస్తుంది. పగిలిన కూజా పెంకుల కోసం జనం నేల మీద కలబడతారు, ఇంట్లో పెట్టుకుంటే మంచిదని. నా పక్కనున్న పెద్దావిడ మోచేత్తో నన్ను నెట్టి వేలెడంత పెంకు దొరకబుచ్చుకుంది. వేలు తెగి నెత్తురు కారుతున్నా మొహంలో నవ్వు తగ్గలేదు.

అసలు పరుగు సాయంత్రం. బిషప్పు దీవెన కాగానే మూడు చేరిలు వాలు వీధుల్లో దూసుకుపోతాయి. ఒక్కడు ఆ బరువు కింద నిలిచేది కొద్ది గజాలే. పరుగు ఆగకుండానే పక్క నుంచి కొత్తవాడు భుజం దూరుస్తాడు, పాతవాడు తప్పుకుంటాడు. చేరి పడినా, వాలి గోడకు తగిలినా ఆ జట్టుకు ఏడాదంతా తలవంపులు. ముందు జట్టుకు మరీ దగ్గరైనా, వెనకబడి సందు వదిలినా తప్పే. పరువంతా నిటారుగా మోయడంలోనే ఉంది. కొండ కొసన గుడికి చేరగానే ఉబాల్డో జట్టు మిగతా ఇద్దరి మొహం మీద తలుపు మూయాలని చూస్తుంది, జార్జి జట్టు ఆ లోపే దూరాలని చూస్తుంది. ఏటా జరిగే గొడవ అదొక్కటే, దాని మీద మర్నాటి దాకా వాదించుకుంటారు.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఇదంతా చెబితే అమ్మ అంతా విని, ‘మరి కట్టెల్లేవారా?’ అంది.

‘కట్టెల్లేవమ్మా, పరుగే.’

‘ఎవరి తలా పగల్లేదా?’

‘భుజాల తోలు లేచిపోయిందమ్మా, అంతే.’

‘అదేం బన్నిరా!’ అంది.

మా వైపు బన్ని సంగతి మిగతా రాష్ట్రానికి దసరా మర్నాడు పేపర్లోనే తెలుస్తుంది, ‘కర్రల సమరం’ అన్న శీర్షికతో, గాయపడినవాళ్ల లెక్కతో. ఆ లెక్కకు ముందు జరిగేదేమిటో అక్కడ పెద్దగా ఉండదు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట జనం ముందుగా పాలబాస చేస్తారు, పాలు ముట్టి, కక్షలన్నీ పక్కన పెట్టి సామిని కాపాడతామని. అర్ధరాత్రి గట్టు మీద మాళమ్మకూ మల్లేశ్వరుడికీ కల్యాణం. తర్వాత ఉత్సవ విగ్రహాలు దివిటీల వెలుగులో కిందికి దిగుతాయి. అరికెర, సుళువాయి, ఎల్లార్తి లాంటి ఊళ్ల జనం ఎదురొస్తారు. ఇనుప రింగులు తొడిగిన కట్టెలు లేస్తాయి. ముళ్లబండ, పాదాలగట్టు, రక్షపడ దాటుకుంటూ ఊరేగింపు సాగుతుంది. రక్షపడ దగ్గర గొరవయ్య తొడ కోసి పిడికెడు నెత్తురు వదులుతాడు, సామి చేతిలో చచ్చిన మణి, మల్లాసురులకు ఇచ్చిన మాట ప్రకారం. తెల్లవారేసరికి బసవన్న గుడి దగ్గర కార్ణికం చెబుతారు, వానలెట్లా ఉంటాయో, పంటల ధరలెట్లా పోతాయో. దెబ్బలకు మందు భండారమే, అంటే పసుపు. కర్ణాటకలో మైలార, మహారాష్ట్రలో జేజూరి దాకా ఒకే దేవుడి ఒకే కథ ఇది. గొరవయ్య నల్ల కంబళి, ఎలుగుబంటి తోలు టోపీ కూడా ఆ దారిన వచ్చినవే.

ఇన్ని కట్టెలు లేచినా, గెలుపెవరిదన్న ప్రశ్న బన్నిలో లేదు. విగ్రహాలు ఏటా అదే దారిన తిరిగి సింహాసన కట్టకు చేరతాయి. గుబ్బియోలో ముందు ఉబాల్డోనే, గట్టు మీద సామి సామి చోటికే. ఫలితం తేలిపోయిన పోటీలో ఇంత జనం ఇంత ఇష్టంగా ఒళ్లు హూనం చేసుకోవడం బయటివాళ్లకు వింతగా ఉంటుంది. లోపలివాళ్లకు అది మొక్కు, వంతు, తాత మోసిన చోట భుజం పెట్టడం. గుబ్బియోవాళ్లు దీన్ని యుద్ధంలోనూ వదల్లేదు. 1917లో కోల్ దీ లానా కొండల్లో ఆస్ట్రియా సేనలకు ఎదురుగా ఉన్న ఆ ఊరి సైనికులు అక్కడే చేరిలు చేసుకుని మే 15న పరుగు తీశారు. గుబ్బియో మూడు చేరిలే ఇప్పుడు అంబ్రియా జెండా మీద గుర్తు.

అక్కడి పండితులకు ఇంకో తగువుంది. 1444లో ఆ ఊళ్లో ఏడు కంచు పలకలు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వపు అంబ్రియన్ భాషలో పూజావిధానాలు, ఊరి చుట్టూ ఊరేగింపులు వాటి మీద చెక్కి ఉన్నాయి. చేరిల పరుగు వేరు అక్కడుందని కొందరు, కాదు బిషప్పుకిచ్చిన కొవ్వొత్తులేనని కొందరు. నాకు రెండోదే సబబుగా తోస్తుంది గానీ, ఆ పెంకు ఏరుకున్న పెద్దావిడకు ఈ తగువుతో పనిలేదు.

పోలిక ఒకచోట తెగిపోతుంది, దాచడమెందుకు. 2023 బన్నిలో ముగ్గురు చనిపోయారు. చూడ్డానికి జనం ఎక్కిన చెట్టుకొమ్మ విరిగిపడటం కూడా అందులో ఉంది. ఏటా పోలీసులు డ్రోన్లు ఎగరేస్తారు, రింగుల కట్టెలు ముందే పట్టుకుంటారు, నాటుసారా ఆపుతారు. అయినా ఆ రాత్రికి గట్టు మీదికి కట్టెలు వచ్చేస్తాయి. గుబ్బియోలో మైనం కొయ్యయింది వృత్తి సంఘాల చేతుల్లోనే. పిల్లలకు జూన్ 2న చిన్న చేరిల పరుగు పెట్టి, ఎక్కడ భుజం పెట్టాలో, ఎప్పుడు తప్పుకోవాలో చిన్నప్పుడే నేర్పుతున్నారు. మనదగ్గర పాలబాస ఉంది. రింగు తీసేద్దామన్న మాట ఎస్పీ నోట వస్తే ఉత్తర్వు, పాలు ముట్టిన పెద్దల నోట వస్తే కట్టుబాటు. ఆ మాట అటు నుంచి రావాలనే నేను కోరుకుంటాను. రెండు వైపుల ఊళ్ల పెద్దలూ ఒకేసారి అంటే తప్ప నడవదని కూడా తెలుసు, ఎందుకంటే ముందు తీసినవాడికే ముందు దెబ్బ.

గుబ్బియో నుంచి బొగ్గు గనుల పనికి అమెరికా వెళ్లినవాళ్లు పెన్సిల్వేనియాలోని జెస్సప్‌లో స్థిరపడి, ఆ మూడు చేరిల పరుగును అక్కడా మొదలుపెట్టారు. మే 15 సెలవు కాదు గనక ఇప్పుడు మెమోరియల్ డే సెలవుల శనివారం నడుపుకుంటున్నారు. అవే రంగుల చొక్కాలు, అదే వరస. మా ఆలూరు, హాలహర్వి వైపు జనమూ పొట్ట చేతపట్టుకుని ఊరు వదిలేవాళ్లే. దసరా దాటాక కొన్నాళ్లకు సుగ్గి మొదలై, గుంటూరు మిరపచేలకో బెంగళూరు కట్టడాలకో కుటుంబాలతో సహా పోతారు. కానీ బన్ని సుగ్గికి ముందే వస్తుంది, బెంగళూరు నుంచి ఆలూరుకు ఒక రాత్రి ప్రయాణం. గట్టును వెంట తీసుకుపోవాల్సిన అవసరం వాళ్లకింకా రాలేదు.